క్రీస్తు కావాలి, సంఘం వద్దు: మునిపల్లె సుబ్బారావు ఉద్యమం

తెలుగునాట మిషనరీ సంఘాల నుంచి విడివడిన క్రైస్తవ శాఖలు అనేకం. సంఘంలో ఎన్నడూ చేరకుండానే సంఘాన్ని నిలదీసిన క్రీస్తు భక్తుడు మాత్రం కలగర సుబ్బారావు (1912-1981). మునిపల్లెలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన, హిందూ సమాజంలోనే ఉంటూ క్రీస్తును గురుదేవుడిగా కొలిచారు. క్రీస్తును నమ్మినవారు బాప్తిస్మం పొంది చర్చిలో చేరవలసిందేనా అన్న ఆయన ప్రశ్న నేటికీ వివాదాస్పదమే.

దర్శనం, ప్రార్థన

కమ్మ కుటుంబంలో జన్మించిన సుబ్బారావుకు తొలినాళ్లలో క్రైస్తవమంటే విముఖత. 1942లో అస్వస్థతతో ఉన్నప్పుడు తనకు క్రీస్తు దర్శనమిచ్చారని ఆయన చెప్పేవారు. అనంతరం రోగుల కోసం ప్రార్థించడం ఆరంభించారు. స్వస్థత కలుగుతోందన్న నమ్మకంతో జనం ఆయన వద్దకు తరలివచ్చారు. వారిలో అత్యధికులు హిందువులే. సుబ్బారావు స్వయంగా రచించిన తెలుగు కీర్తనలే ఆ భక్తులకు ఆరాధన గీతాలయ్యాయి.

వివాదమెక్కడ?

బాప్తిస్మం కేవలం బాహ్యాచారమని సుబ్బారావు వాదన. దేహాభిమానాన్ని, అహంకారాన్ని త్యజించడమే నిజమైన శిష్యత్వమని ఆయన బోధించారు. క్రీస్తును ఒక మతానికి పరిమితం చేశారంటూ మతగురువులను ఘాటుగా విమర్శించారు. ‘రిట్రీట్, పాద్రీ!’ అన్న ఆయన ఆంగ్ల రచన శీర్షికే ఆ ధోరణికి నిదర్శనం.

ఈ వాదనను సంప్రదాయ క్రైస్తవులు అంగీకరించరు. బాప్తిస్మమివ్వాలని మత్తయి సువార్త చివర క్రీస్తే ఆదేశించారన్నది వారి సమాధానం. సంఘమే లేకపోతే బోధకుడిని ప్రశ్నించేదెవరన్నది మరో ఆక్షేపణ.

ఇందులో సామాజిక కోణమూ ఉంది. ఆంధ్ర క్రైస్తవుల్లో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. అగ్రకులాల భక్తుడు సంఘానికి దూరంగా ఉంటే, క్రీస్తును స్వీకరించి తోటి విశ్వాసుల పంక్తిని నిరాకరించినట్లు కాదా అన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. మరోవైపు, బాప్తిస్మానికి దళితులు చెల్లించే మూల్యం వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించినా, క్రైస్తవులకు వర్తింపజేయలేదు.

పండితుల దృష్టి

బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కళాశాలలో బోధించిన డెన్మార్క్ చరిత్రకారుడు కాయ్ బాగో 1968లో ఈ ఉద్యమంపై గ్రంథం వెలువరించారు. క్రీస్తును అనుసరించడానికి హిందువులు తమ సమాజాన్ని వీడనవసరం లేదన్నది బాగో అభిప్రాయం. దానితో సుబ్బారావు ఉదంతం ఆంధ్ర సరిహద్దులు దాటి వేదాంత చర్చల్లో చోటు సంపాదించుకుంది.

ఇతర ప్రయత్నాలు

విదేశీ మిషన్ల నీడ నుంచి వెలికివచ్చే యత్నాలు అంతకు ముందూ జరిగాయి. మద్రాసులో 1886లో పుల్నీ ఆండీ నేషనల్ చర్చ్‌ను నెలకొల్పారు. మరుసటి ఏడాది కలకత్తాలో కాళీచరణ్ బెనర్జీ ప్రభృతులు క్రిస్తో సమాజ్‌ను స్థాపించారు. 1938లో లూథరన్ సంఘాన్ని వీడిన ముంగమూరి దేవదాసు రాజమండ్రిలో బైబిలు మిషన్‌ను ఆరంభించారు.

వీరు పాత సంఘానికి బదులు కొత్త సంఘాన్ని కట్టారు. సుబ్బారావు సంఘం అవసరాన్నే ప్రశ్నించారు. విశ్వాసం వ్యక్తిగతమా, సామూహికమా అన్న చర్చకు ఆయన జీవితం ఒక ఉదాహరణగా మిగిలింది.