సూరత్ పంక్తిలో పరదేశులు

భోజనం చేస్తే సూరత్‌లో చేయాలి, మరణిస్తే కాశీలో మరణించాలి అన్నది గుజరాతీలో తరతరాలుగా వాడుకలో ఉన్న సామెత. ఒక పుణ్యక్షేత్రంతో ఒక రేవుపట్టణపు వంటను జంటకట్టడంలో ఆ ప్రాంత ప్రజల లోకజ్ఞత, కొంత హాస్యప్రియత్వం కనిపిస్తాయి. అయితే ఇది గృహస్థుని నోట పుట్టిన సామెత. ఇల్లాలు, పొయ్యి, పెరటి పాదున కాచిన పాపడి చిక్కుడు, సంక్రాంతినాడు బంధువుల మధ్య ఉంధియు, ఇవన్నీ ఉన్నవాడు అనగల మాట అది. తపతీ తీరాన ఉన్న ఈ పట్టణం నాలుగు శతాబ్దాలుగా తన గృహస్థులతో పాటు ఇల్లు విడిచి వచ్చిన యువకులను కూడా పోషిస్తూ వచ్చింది. హజ్ యాత్రికులు, నావికులు, కంపెనీ గుమాస్తాలు, మగ్గం పనివారు, ఇందరు ఇక్కడ ఏమి తిన్నారు, ఎవరు వండిపెట్టారు, సాయంకాలం పని ముగిశాక ఎక్కడికి పోయారు అన్నది చరిత్ర గ్రంథాలలో చెదురుమదురుగా మాత్రమే కనిపించే విషయం. ఆ కథలో తెలుగుదేశానికి కూడా ఊహించనంత పాలు ఉంది.

1638 ఏప్రిల్‌లో పర్షియా నుండి ఓడలో వచ్చి సూరత్‌లో దిగిన యోహాన్ ఆల్‌బ్రెఖ్ట్ ఫన్ మాండెల్‌స్లో అనే జర్మన్ యువకునికి అప్పటికి ఇరవై రెండేళ్లు ఇంకా నిండలేదు. హోల్‌స్టైన్ ప్రభువు పర్షియా షా వద్దకు పంపిన రాయబార బృందంతో బయలుదేరి, లోకం చూడాలనే కోరికతో ఆ బృందాన్ని విడిచి హిందూదేశం వైపు తిరిగిన వాడతడు. ఇంగ్లీషువారి కోఠీలో అతిథిగా ఉన్న రోజులను గురించి అతడు వ్రాసుకున్న వివరాలు ఒక భోజనప్రియుని దినచర్యలా ఉంటాయి. పూటకు పదిహేను, పదహారు రకాల వంటకాలు, ఆపైన పండ్లు. ప్రతిరోజూ కలుసుకున్నప్పుడు టీ మాత్రమే పుచ్చుకునేవారు. జీర్ణశక్తికి మంచిదన్న నమ్మకంతో ఈ దేశమంతటా దాన్ని తాగుతారని అతడు పేర్కొన్నాడు. ఇంగ్లాండులో టీ ఇంకా ఎవరి ఇంటికీ చేరని కాలమది.

ఆదివారం ప్రసంగం ముగియగానే అందరూ ఊరి వెలుపల అధ్యక్షుని తోటకు తరలేవారు. అక్కడ గురికొట్టే పందేలు జరిగేవి. ఆ పందేలలో తాను దాదాపు వారం వారం నూరు మహమూదీలు గెలుచుకునేవాడినని చెప్పుకోవడంలో మాండెల్‌స్లో ఏమాత్రం మొగమాటపడలేదు. ఆట అయ్యాక పండ్లు, చక్కెరపాకంలో ఊరవేసిన పదార్థాలు ఆరగించి అయిదడుగుల లోతు కొలనులో స్నానాలు చేసేవారు. శుక్రవారం నాటి సమావేశం మరొక రకం. భార్యలను స్వదేశంలో విడిచివచ్చిన అధ్యక్షుడు, అతని బంధువులైన మరి ముగ్గురు వర్తకులు కలిసి, తాము ఇంగ్లాండు విడిచిన వారం అదేనన్న జ్ఞాపకంతో తమ ఇల్లాండ్ర ఆరోగ్యం కోరుతూ మధుపానం చేసేవారు. మోయలేనంత తాగి లేచిన వారూ ఉండేవారు. పదిహేను వంటకాల పంక్తి వెనుక ఉన్న ఒంటరితనం బయటపడేది ఈ ఒక్క చోటనే.

ఆ అధ్యక్షుని పేరు విలియం మెథ్‌వోల్డ్. తెలుగు చరిత్ర విద్యార్థులకు ఇతడు కొత్తవాడు కాడు. సూరత్ పదవికి రాకముందు, 1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో కంపెనీ వ్యవహారాలు చూసినవాడు, గోల్కొండ రాజ్యాన్ని గురించి 1626లో అచ్చయిన వృత్తాంతం వ్రాసినవాడు ఇతడే. కృష్ణా తీరపు వజ్రపు గనుల పని తీరును కళ్లారా చూసి చెప్పిన తొలి ఇంగ్లీషువారిలో ఒకడు. మచిలీపట్నంలో తన ఉద్యోగ జీవితపు తొలి ఏళ్లు గడిపిన మనిషి సూరత్‌లో ఆ విందులకు అధ్యక్షత వహించాడు.

శుక్రవారం నాటి పానీయాలలో మాండెల్‌స్లో ఒక కొత్త పేరు చెప్పాడు: పాలెపుంట్జ్. సారా, పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసం, చక్కెర కలిపి చేసేదట. తరువాతి కాలంలో ఐరోపా అంతటా పంచ్ అన్న పేరుతో వ్యాపించిన పానీయం ఇదే. 1673లో మచిలీపట్నంలో దిగి, అనంతరం సూరత్‌లో చాలాకాలం ఉన్న వైద్యుడు జాన్ ఫ్రయర్ అయిదు వస్తువుల కలయిక కనుక దానికి ఆ పేరు వచ్చిందని అన్నాడు. మాండెల్‌స్లో లెక్క నాలుగుతోనే ఆగింది; నీటిని కూడా చేర్చుకుంటే తప్ప అయిదు కావు. పండితులలో ఈ వ్యుత్పత్తిపై వాదం నేటికీ తెగలేదు. ఈ మాట వ్రాతలో తొలిసారి కనిపించేది సూరత్ కాగితాలలో కాదన్నది ఇంకా విశేషం. 1632 సెప్టెంబరు 28న రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ ఉద్యోగి ఒక మిత్రునికి జాబు వ్రాస్తూ, అందరూ కలిసిమెలిసి ఉండి పంచ్ తాగుతారని ఆశిస్తున్నానన్నాడు. ఆ జాబు అందుకున్న కోలీ అనే వర్తకుడు ఉన్నది పెటపోలిలో, అంటే నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నంలో. 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడిన నాటి నుండి సూరత్‌లో మద్యనిషేధం అమలులో ఉంది. పంచ్ విందుల జ్ఞాపకాలు అక్కడ పుస్తకాలలో మాత్రమే మిగిలాయి.

ఇక్కడ ఒక తేదీని విస్మరించరాదు. 1632 అంటే దక్కను, గుజరాత్ ప్రాంతాలను తుడిచిపెట్టిన మహాక్షామం సాగుతున్న సంవత్సరం. 1630లో వర్షాలు కురవలేదు. మరుసటి ఏడు అతివృష్టి, దాని వెంట అంటురోగాలు. సూరత్ నుండి ఆగ్రాకు పయనించిన పీటర్ మండీ దారి పొడవునా శవాలు చూశానని వ్రాశాడు. గుజరాత్ నేతపని దాదాపు నిలిచిపోయింది. సూరత్ కోఠీ అధ్యక్షుడు థామస్ రాస్టెల్ కూడా 1631లో మరణించాడు. పదిహేను వంటకాల పంక్తి వేసింది ఆ కరువు ముగిసిన ఆరేళ్లకు. మాండెల్‌స్లో కరువు అనంతరపు పట్టణంలో తిరుగుతున్నాడన్న సంగతి అతని విందు వర్ణనలు చదివేవారికి స్ఫురించదు. ఆకలిని గురించి వ్రాసినవాడు ఒకరు, ఆరగింపును గురించి వ్రాసినవాడు మరొకరు. ఊరు మాత్రం ఒక్కటే.

వంటవారి విషయం తెలియాలంటే మరొక అర్ధశతాబ్దం ముందుకు రావాలి. 1689లో బయలుదేరి సూరత్ చేరిన జాన్ ఓవింగ్టన్ అనే మతాచార్యుడు, కోఠీ వంటశాలలో ఇంగ్లీషు, పోర్చుగీసు, భారతీయ వంటవారు ముగ్గురూ ఉండేవారని, ఎవరి నాలుకకు తగిన రుచి వారికి దొరకాలన్నదే ఉద్దేశమని చెప్పాడు. వెండి పళ్లాలు, వెండి పాత్రలు. పులావు, నూనె వెల్లుల్లి పట్టించి ఆకుకూర రెమ్మలతో పాటు ఊచకు గుచ్చి కాల్చిన కబాబు, బాదం పప్పు ఎండుద్రాక్ష కూరి నేతిలో మగ్గబెట్టిన కోడి, ఇవి రోజువారీ వంటకాలు. ఆకలి పుట్టించడానికి వెదురు మొలక ఊరగాయ, మామిడికాయ ఊరగాయ. మనవారికి ఆవకాయ లేనిదే ముద్ద దిగదని నవ్వేవారు, మూడు వందల ఏళ్ల క్రిందటి ఇంగ్లీషు దొరలకు కూడా అదే వ్యసనం అంటుకున్నదని తెలుసుకోవడం మంచిది. ఇంతమందికి ఇన్ని రుచులు చవిచూపిన ఆ భారతీయ వంటవాని పేరు మాత్రం ఓవింగ్టన్ వ్రాయలేదు.

డచ్చివారు సూరత్‌కు మచిలీపట్నం తరువాత వచ్చారు. 1606 నాటికి బందరులో, ఆపై పదేళ్లకు సూరత్‌లో వారి కోఠీలు వెలిశాయి. బందరులో వారి గుర్తుగా ప్రధానంగా సమాధులు మిగిలితే, సూరత్‌లో ఒక రొట్టెల బట్టీ మిగిలింది. డచ్చివారు వెళ్లిపోతూ తమ బట్టీని అందులో పనిచేసిన పారసీకులకు అప్పగించారని, తాటికల్లుతో పులియబెట్టిన ఆ రొట్టె ఎండిపోయి గట్టిపడ్డా చెడకపోవడం చూసి దాన్నే బిస్కట్టుగా అమ్మడం మొదలుపెట్టారని దోటీవాలా కుటుంబంవారు చెబుతారు. సూరతీ నాన్‌ఖటాయి కూడా ఈ కొలువులోనిదే. తపతికి ఆవలి గట్టున ఉన్న రాందేర్‌ది వేరొక దారి. అక్కడి ముస్లిం వర్తక కుటుంబాలు రంగూన్‌లో వ్యాపారం చేసి, తిరిగివస్తూ బర్మా వంటకమైన ఖావ్‌సాను వెంట తెచ్చుకున్నాయి. రంజాన్ రాత్రులలో ఆ వీథులు తెల్లవార్లూ మేల్కొని ఉంటాయి. రాందేర్ వర్తకులు దుకాణాలు నడిపిన ఆ రంగూన్ రేవులోనే బస్తాలు మోసినవారిలో కోరంగి నుండి ఓడ ఎక్కిన తెలుగు కూలీలు వేలమంది ఉన్నారు. 1941-42లో వారు తిరిగివచ్చేటప్పుడు చేతిలో ఏమీ తెచ్చుకోగల స్థితిలో లేరు.

తెలుగువారు స్వయంగా సూరత్‌కు చేరడం ఇరవయ్యవ శతాబ్దపు మాట. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలలో చేతిమగ్గం కూలిపోయాక పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, భివండి, బొంబాయి మీదుగా సూరత్ మరమగ్గాలకు చేరాయి. లింబాయత్, ఉధనా పేటలలో తెలుగు వినిపించని సందు తక్కువ. నగరపాలక సంస్థ తన పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా నడుపుతూ వచ్చిందంటే వారి సంఖ్యాబలం ఊహించవచ్చు. వీరు చాలామటుకు కుటుంబాలతో వచ్చినవారు. అందుచేత జొన్నరొట్టె, పచ్చిపులుసు ఇంటి పొయ్యి మీదనే నిలిచాయి. ఒడిశాలోని గంజాం నుండి వచ్చిన మగ్గం పనివారి స్థితి అట్టిది కాదు. ఒంటరి పురుషులు ఒకే గదిని పగటి పాళీవారు, రాత్రి పాళీవారు వంతులవారీగా పంచుకునే మెస్సులలో బ్రతుకుతారు. గది అద్దెతో పాటే రెండు పూటల అన్నం. కోఠీలోని ఉమ్మడి బల్లకు నేటి వారసత్వం వెతకదలచినవారు ఈ మెస్సుల వైపు చూడవలసి ఉంటుంది. వెండి పళ్లాలు మాత్రం ఉండవు.

సూరత్ వీథి భోజనంలో తెలంగాణ మనిషికి పరాయిగా తోచనిది పోంక్. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు లేత జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి, దులిపి, పచ్చని గింజలను సన్న కారప్పూసతో, నిమ్మరసంతో అమ్ముతారు. మన పొలాల గట్ల మీద ఊచబియ్యం తిన్నవారికి దాన్ని పరిచయం చేయనక్కరలేదు. ఇక్కడ రైతు పిల్లల చిరుతిండిగా ఉండిపోయినది అక్కడ నగరపు శీతకాల ఉత్సవమయింది. సూరతీల ఈ గుణం లోచోలో కూడా కనిపిస్తుంది. ఖమణ్ చేయబోయి పిండి పలుచనై చెడిపోగా పుట్టినదట. పేరుకు అర్థమే గందరగోళం. చెడిన వంటను పారవేయక, దానికి వెన్న, కారం జోడించి అమ్మగల ధైర్యం వర్తకుల ఊరికే చెల్లుతుంది.

ఈ బయటి తిండి ఒక్కసారిగా భయకారణమయిన సందర్భం 1994 సెప్టెంబరు. తపతీ వరదలు తీసిన తరువాత ప్లేగు వదంతి, ఆ వెంటనే నిర్ధారణ. యాభైకి పైబడి మరణాలు నమోదయ్యాయి. కొద్ది రోజులలో లక్షలాది మంది రైళ్లు, లారీలు ఎక్కి పట్టణం విడిచారు. వారిలో అధికభాగం బయటి రాష్ట్రాల పనివారే. బతుకమ్మ పండుగ అప్పటికి రెండు వారాల దూరంలో ఉంది. ఎదురుచూసిన పండుగ ప్రయాణం పారిపోవడంగా మారింది. ఏ ఊరిలో దిగినా వైద్య పరీక్షలు, అనుమానపు చూపులు.

1995 మేలో నగర కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, ఇంటిపేరు చెప్పకనే చెప్పినట్లు తెలుగువాడు. చెత్త తొలగింపుతో పాటు ఆయన గట్టిగా చేపట్టినది తిండి అమ్మే చోట్ల తనిఖీ. పేరున్న మిఠాయి దుకాణాలు, హోటళ్లు కూడా శుభ్రత లేకుంటే మూతపడ్డాయి. కూర్చునే హాలు ఎలా ఉన్నదని కాక వంటశాల ఎలా ఉన్నదని చూడడం సూరత్‌కు కొత్త. నగరాన్ని మండలాలుగా విభజించి, అధికారులు ప్రతి ఉదయం కార్యాలయానికి ముందు వీథులలోకి వెళ్లే పద్ధతి ఏర్పరచి, నిర్ణయాధికారాన్ని వారికి పంచి ఇవ్వడం ఈ విజయానికి మూలం. ఆదేశాలు అంతకుముందు కూడా లేకపోలేదు, అమలు చేసేవారే లేరు. ఏడాదిన్నర తిరిగేసరికి చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా ఇంటాక్ సంస్థ సూరత్‌ను పేర్కొన్నది. 1998లో రామచంద్రరావుకు పద్మశ్రీ లభించింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ ప్రథమ స్థానం పొందింది. పాలనా చరిత్రలో ఇది తరచుగా ఉదహరించే ఘట్టం. కమిషనర్ బదిలీ తరువాత కూడా ఆ పద్ధతులు చాలావరకు నిలవడం మాత్రం తగినంతగా చర్చకు రాలేదు.

ఆశ్వయుజంలో లింబాయత్ సందులలో బతుకమ్మ చుట్టూ తెలుగు స్త్రీలు, పక్క మైదానాలలో దీపం చుట్టూ గర్బా ఆడే గుజరాతీలు ఇంచుమించు అవే రాత్రులలో వలయాలు తిరుగుతారు. సద్దుల బతుకమ్మనాటి పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది గడిచిన కొన్నాళ్లకే చందీ పడ్వో వస్తుంది. శరత్పూర్ణిమ మరునాటి రాత్రి అది. కోవా, నేయి దట్టించిన ఘారీ పెట్టెలు పట్టుకుని సూరత్ కుటుంబాలు కాలిబాటల మీద చాపలు పరుచుకుని వెన్నెలలో భుజిస్తాయి. 1857లో తాత్యా తోపే సైనికుల బలం కోసం ఈ మిఠాయి పుట్టిందని ఊరివారు చెప్పే కథకు ఆధారాల కంటే అభిమానం ఎక్కువ. మరమగ్గాల పన్నెండు గంటల పాళీ మారేది సాయంకాలం ఏడింటికి. పగటి పాళీ దిగినవారు ఘారీ కొనుక్కుని ఇంటిదారి పట్టే వేళకు రాత్రి పాళీవారు సద్దిగిన్నెలు పట్టుకుని మగ్గాల వైపు నడుస్తూ ఉంటారు.