ఛాతీ వంకరలు: కోత లేని వైద్యపు చరిత్ర

గుండెను, ఊపిరితిత్తులను కాపాడే ఛాతీ గూడు పూర్తిగా ఎముకలతో కట్టినది కాదు. పక్కటెముకలు ముందుకు వంగి వచ్చి రొమ్ము ఎముకను నేరుగా తాకవు. నడుమ మృదులాస్థి అనే వంగే గుణం గల భాగం ఉంటుంది. దాని పెరుగుదలలో తేడా వచ్చినపుడు రొమ్ము ఎముక లోపలికి కుంగితే గుంట ఛాతీ, ముందుకు పొడుచుకొని వస్తే పావురపు ఛాతీ ఏర్పడతాయని ఎక్కువమంది వైద్యుల అభిప్రాయం. ఇవి మగపిల్లలలో ఎక్కువ. వంకరకు కారణమైన ఆ మెత్తదనమే దానికి మందు కూడా కాగలదన్న సంగతి వైద్యశాస్త్రానికి బోధపడటానికి చాలా కాలం పట్టింది.

1594లో షెంక్ అనే జర్మన్ వైద్యుని సంకలనంలో బౌహిన్ గుంట ఛాతీని వర్ణించాడు. ఆ రోగి ఆయాసంతో, తెరలు తెరలుగా వచ్చే దగ్గుతో బాధపడిన ఏడేళ్ళ పిల్లవాడు. 1872లో విలియమ్స్ వర్ణించిన 17 ఏళ్ళ యువకునికే కాక అతని తండ్రికీ, సోదరునికీ గుంట ఛాతీయే ఉంది. కొన్ని కుటుంబాలలో ఇది వంశానుగతమని అప్పుడే తెలిసిందన్నమాట.

చికిత్సకు తొలి ఆయుధం వైద్యుని అరచేయి. పారిస్ నగరపు శస్త్రవైద్యుడు డ్యూపుయ్‌ట్రెన్ 1828లో, పక్కలు నొక్కుకుపోయి ముందుకు పొడుచుకొని వచ్చిన పిల్లల ఛాతీని గురించి రాస్తూ, రొమ్ము ఎముకను చేత్తో పదే పదే వెనక్కు నొక్కమన్నాడు. ఆ శతాబ్దమంతా గుంట ఛాతీకి కూడా మంచి గాలి, ఊపిరి వ్యాయామాలు, పక్కల నుంచి ఒత్తిడి తప్ప వేరే వైద్యం లేదు. ఆలోచన సరైనదే. కాని చేయి తీయగానే ఛాతీ తిరిగి తన రూపానికి వచ్చేస్తుంది. మృదులాస్థి గంటల తరబడి, నెలల తరబడి పడే ఒత్తిడికే లొంగుతుంది.

1910లో జర్మనీలో లాంగె గాజు గంటతో గుంటను పైకి పీల్చే ప్రయత్నం చేశాడు. మరుసటి ఏడే మేయర్ గుంట ఛాతీకి శస్త్రచికిత్స చేశాడు. ఆ తరువాత చాలాకాలం కత్తిదే పైచేయి అయింది. 1949లో అమెరికాలో రావిచ్ వంకర తిరిగిన మృదులాస్థులను తొలగించే పద్ధతిని ప్రకటించాడు. అది ఎందరికో మేలు చేసింది. అయితే మరీ చిన్న వయసులో, మరీ విస్తారంగా ఈ శస్త్రచికిత్స జరిగిన కొందరు పిల్లలలో ఛాతీ ఎదుగుదల ఆగిపోయి ఊపిరితిత్తులకు చోటు చాలలేదని 1996లో హాలర్ హెచ్చరించాడు. 1998లో నస్ తన పదేళ్ళ అనుభవాన్ని వెల్లడించాడు. ఆయన మృదులాస్థిని కోయలేదు. రొమ్ము ఎముక కింద లోహపు కడ్డీని దూర్చి, కొన్నేళ్ళపాటు పైకి ఎత్తి ఉంచాడు. పిల్లల ఛాతీ ఒత్తిడికి వంగుతుందన్న డ్యూపుయ్‌ట్రెన్ నమ్మకానికి శస్త్రవైద్యం కూడా తిరిగి వచ్చింది.

ఈలోగా 1970ల చివరి నుంచి బ్రెజిల్ దేశపు ఎముకల వైద్యుడు సిడ్నీ హాజె ఛాతీని ముందూ వెనుకా నొక్కే బ్రేసును వాడుతూ, దాన్ని ధరించి చేయవలసిన వ్యాయామాలను జత చేశాడు. ఆయన ఫలితాలు 1992లో ఎముకల వైద్య పత్రికలో వచ్చాయి. అర్జెంటీనాలో మార్టినెజ్ ఫెర్రో బ్రేసుకు ఒత్తిడిని కొలిచే సాధనం అమర్చాడు. ఎంత ఒత్తిడికి ఛాతీ సమంగా వంగుతుందో చూసి, ఎవరికి బ్రేసు పనికివస్తుందో ముందే అంచనా కట్టే వీలు కలిగింది. మితిమీరి బిగించి చర్మాన్ని పుండు చేసే ప్రమాదమూ తగ్గింది.

లాంగె గాజు గంట కూడా మళ్ళీ బతికింది. స్వయంగా గుంట ఛాతీ ఉన్న జర్మన్ ఇంజనీరు క్లోబె, గాలిని తోడివేసి రొమ్ము ఎముకను పైకి లాగే సిలికోన్ గంటను తయారుచేశాడు. 60 మందిలో దాని వాడకం గురించి 2005లో నివేదిక వచ్చింది. గంట పెట్టగానే ఎముక పైకి లేవడం సీటీ స్కాన్‌లో కనిపించింది. పైకి లేచిన ఎముకను అక్కడే నిలపడానికి మాత్రం నెలల తరబడి రోజూ వాడాలి. రక్తం గడ్డకట్టని జబ్బు, పెళుసు ఎముకల వ్యాధి, రక్తనాళాల లోపాలు ఉన్నవారు దీన్ని వాడరాదు.

ఇక వ్యాయామం. అది భుజాలను నిటారుగా నిలుపుతుంది, ఛాతీ కండరాలను పెంచుతుంది, ఊపిరి పట్టును పెంచుతుంది. వ్యాయామం ఒక్కటే ఎముక వంకరను సరిచేయదు. బ్రేసుకో గంటకో తోడైనపుడే దాని విలువ.

పాఠకులారా, ఈ చరిత్ర మనకు చెప్పేది కాలం విలువ. పిల్లలు వేగంగా పొడవెదిగే వయసులో వంకర కూడా పెరుగుతుంది. బ్రేసు మాట వినేదీ ఆ వయసులోనే. ఎదుగుదల పూర్తయిన కొద్దీ ఛాతీ బిగుసుకొంటుంది. కాని సరిగ్గా ఆ వయసులోనే పిల్లవాడు సిగ్గుపడి చొక్కా విప్పడు, ఈతకు వెళ్ళడు, ఇంట్లో ఎవరికీ చూపించడు. తల్లిదండ్రులు గమనించినా పెరిగితే అదే పోతుందిలే అనుకొంటారు. వైద్యం లేక కాక, సిగ్గు వల్ల కాలం చేజారుతుంది. మీ ఇంటి పిల్లవాడు అస్తమానం భుజాలు ముందుకు వంచి నడుస్తుంటే కోప్పడకండి, నెమ్మదిగా అడగండి. పిల్లల శస్త్రవైద్యునికో ఎముకల వైద్యునికో చూపించండి. పిల్లవాడు మరీ పొడవుగా, పొడవైన వేళ్ళతో ఉంటే గుండె పరీక్ష కూడా చేయించండి. గుంట లోతుగా ఉండి ఆయాసం వస్తుంటే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. కొందరికి ఏ చికిత్సా అక్కరలేదు. ఏది కావాలో వైద్యుడు నిర్ణయిస్తాడు. సమయానికి చూపించడం మాత్రం మీ చేతిలో ఉంది.