సభ్యులకు మాత్రమే తెఱచు తలుపు - దాని పూర్వచరిత్రము



మన సంఘమువారు ఇంటర్నెట్టునందు ఒక వెబ్‌సైటును నడుపుచున్న సంగతి మీ రెఱుగుదురు. అందు సంఘచరిత్రము, మహాసభల తీర్మానములు, విద్యార్థివేతనముల నిబంధనలు కలవు. సభ్యుల చిరునామాల పట్టికయు, వధూవరుల వివరములును గూడ నందే యున్నవి. వీనినన్నిటిని సభ్యులకు మాత్రమే కనబడునట్లు చేయవలెనని కార్యవర్గమున కొందఱును, దేనిని దాచరాదని కొందఱును వాదించుచున్నారు. ఇది యంత్రనిపుణులకు వదలివేయదగిన ప్రశ్న గాదు. తలుపునకు తాళము బిగించుట యంత్రనిపుణుని పని. ఏ గదికి తాళము వలయునో నిర్ణయించుట గృహస్థుని పని. ఆ నిర్ణయమునకు పూర్వచరిత్రము కొంత తోడ్పడునని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాడను.

సభ్యత్వముచే చదువునకు హద్దు లేర్పఱచుట కంప్యూటరులతో పుట్టినది కాదు. 1731వ సంవత్సరమున అమెరికాయందలి ఫిలడెల్ఫియా నగరమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రులతో గూడి చందాదారుల గ్రంథాలయము నొకదానిని స్థాపించెను. మొదటి చందాదారులు 50 మంది. ఒక్కొక్కరు చేరునప్పుడు 40 షిల్లింగులును, పిమ్మట ఏటేట 10 షిల్లింగులును చెల్లింపవలెను. పుస్తకమును ఇంటికి గొనిపోవు హక్కు సామాన్యముగా వారిదే. అయినను మర్యాదస్థుడగు పరాయివాడు వచ్చినచో, అచ్చటనే కూర్చుండి చదువుకొనుటకు అనుమతి యుండెను. చదువుట వేఱు, గొనిపోవుట వేఱు అని వారు విభజించిరి. ఈ విభజనమును మనము జ్ఞాపకముంచుకొనవలెను.

మన తెలుగుదేశమున గ్రంథాలయోద్యమము మఱియొక యడుగు ముందునకు వేసెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సభ చేసిరి. జ్ఞానము నలుగురికి నందవలెననుటయే ఆ యుద్యమమునకు ప్రాణము. చదువునకు దూరముగా నుంచబడిన కుటుంబములు ఆ గ్రంథాలయములవలన పొందిన మేలు ఇంతంత గాదు.

ఇక కంప్యూటరుల విషయము. 1961లో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బాటో అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒకే యంత్రమును పలువురు ఒకేసారి వాడుకొను పద్ధతిని ప్రదర్శించి చూపిరి. యంత్ర మొకటి, వాడువారు పెక్కుమంది. ఒకని కాగితములను వేఱొకడు చూడకుండుటకై ఒక్కొక్కరికి రహస్యపదము నిచ్చిరి. నేడు మనము పాస్‌వర్డు అనునది ఇదియే. ఇది అందఱి సొత్తును కొందఱికి దక్కనీయకుండ చేయుటకు పెట్టినది కాదు. ఎవని సొంతపని వానికి భద్రముగా నుండుటకే పెట్టినది.

ఆ తాళము మొదటినుండియు బలహీనముగనే యుండెను. 1962లో అలన్ షెర్ అను విద్యార్థి తనకు నియమించిన వారమునకు నాలుగు గంటల కాలము చాలక, రహస్యపదముల పట్టికనే అచ్చువేయించుకొని ఇతరుల పేర యంత్రమును వాడుకొనెను. మఱికొన్ని యేండ్లకు ఇద్దఱు నిర్వాహకులు ఏకకాలమున రెండు పత్రములను సవరించుచుండగా అవి తాఱుమాఱై, నాటి ప్రకటనకు బదులుగా రహస్యపదముల పట్టిక యంత్రమున ప్రవేశించిన ప్రతివానికిని దర్శనమిచ్చెను. ఒకడు కోరి చేసినది, ఒకటి పొరపాటున జరిగినది; ఫలమొక్కటే. తాళపుచెవులన్నియు ఒకే బుట్టలో నుంచుటయే ఈ రెంటికిని మూలము. అందుచేత పదమును ఉన్నదున్నట్లు దాచక, తిరిగి విప్పుటకు వీలులేని రూపమునకు మార్చి దాచు పద్ధతి పుట్టెను. రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ అనువారు 1979లో ప్రకటించిన వ్యాసము ఈ విషయమున ప్రసిద్ధము.

1989లో జెనీవా చెంతనున్న సెర్న్ అను పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్‌లీ వెబ్బును ప్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ సంస్థ దానిని ఏ రుసుమును లేకుండ లోకమున కొసగెను. వెబ్బుయొక్క స్వభావము తెఱచి యుండుట. పుటలను పంపు సర్వరు ఒక్కొక్క విన్నపమును క్రొత్తదిగనే చూచును. ఇంతకుముందు వచ్చినవాడే మరల వచ్చెనని తనంతట గుర్తింపజాలదు. ఈ లోపమును తీర్చుటకై 1994లో లూ మాంటుల్లి అను నతడు కుకీ యను చిన్న చీటీని కల్పించెను. సభ్యుడు ఒకసారి పాస్‌వర్డు చెప్పినచో సర్వరు చీటీ నిచ్చును; పిమ్మట ప్రతి పుటకును ఆ చీటీ చూపుటయే చాలును. ఆ 1994లోనే శోధనయంత్రముల మరలు ఏ పుటలకు రావలదో తెలుపు రోబోట్స్ పత్రమును మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించెను. అయితే అది తాళము గాదు, వినతిపత్రము మాత్రమే. మర్యాదగలవారే దానిని పాటింతురు.

తరువాత, పుటలను కూర్చుటకును, సవరించుటకును, ప్రకటించుటకును సామాన్యులకు సయితము సాధ్యమగు సాధనములు వచ్చెను. వీనినే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టములందురు. 2001లో ద్రూపల్, 2003లో వర్డ్‌ప్రెస్, 2005లో జూమ్లా వెలువడెను. 2005 డిసెంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ రెండవ కూర్పునందు నిర్వాహకుడు, సంపాదకుడు, రచయిత, సహాయరచయిత, చందాదారుడు అను అంతరములను, ఒక్కొక్కరికి దగిన అధికారములను ఏర్పఱచిరి. అధికారము వ్యక్తికి గాక పదవికి జెందవలెనను ఈ సూత్రమును 1992లోనే ఫెర్రయోలో, కూన్ అనువారు శాస్త్రీయముగా నిరూపించియుండిరి. మన సంఘములలో కార్యదర్శి మారినప్పుడు బీరువా తాళములు క్రొత్తవానికి జేరునట్లే యిదియును.

ఇచ్చట నా తప్పిద మొకటి చెప్పుకొనక తప్పదు. మా శాఖ వెబ్‌సైటున సభ్యుల పట్టికను సభ్యులకు మాత్రమే పరిమితము చేయు పని నా చేతిమీదుగనే జరిగెను. ఆ పుటకు పాస్‌వర్డు పెట్టి నిశ్చింతగా నుంటిని. కాని పట్టిక యున్న పత్రము వేఱొక స్థలమున నిలువయై యుండెను. ఇట్టి సాధనములలో పుటకు పెట్టిన కాపలా, అందు జేర్చిన పత్రమునకు తనంతట వర్తింపదు. దాని చిరునామా తెలిసినవా డెవడైనను తిన్నగా తెఱవవచ్చును. శోధనయంత్రము దానిని కనిపెట్టినది. ఎన్నడు నెఱుగనివారు పెండ్లికెదిగిన ఆడపిల్లల తండ్రులకు ఫోనులు చేయసాగిరి. ఒక వృద్ధుడు నా యింటికి వచ్చి, కోపపడక, "బాబూ, మేము మీకిచ్చిన కాగితమును మీరు ఎవరికిచ్చితిరి?" అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. వీధితలుపునకు తాళము వేసి దొడ్డితలుపు తీసియుంచినవాడను నేను.

ఈ విషయము నేడు చట్టమునకును సంబంధించినదే. 2017 ఆగస్టు 24వ తేదీన మన సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పెను. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు చట్టము చేసెను. సభ్యుడు మనకిచ్చిన వివరము మన సొత్తు గాదు. మనయొద్ద నుంచిన నిక్షేపము.

కావున ఈ చరిత్రమువలన నాకు తోచినది విన్నవింతును. ఇంటింటి వివరములకు, వధూవరుల వివరములకు తాళము వేయుడు. ఆ తాళము పుటకే గాక పత్రమునకును, ఛాయాచిత్రమునకును పట్టునట్లు చేయించి, సభ్యుడు గాని యొకనిచేత తెఱపింప జూచి పరీక్షింపుడు. పదవి వదలినవారి అధికారమును ఆనాడే తొలగింపుడు. అక్కఱలేని వివరమును అసలే సేకరింపకుడు. లేనిది పోవుట కవకాశము లేదు.

సంఘచరిత్రమును, తీర్మానములను, విద్యార్థివేతనముల నిబంధనలను మాత్రము తెఱచియే యుంచుడు. పట్టణమునకు దూరముగా నున్న పేదవిద్యార్థికి సభ్యత్వము లేకపోవచ్చును; అతని తండ్రికి మన సంఘమొకటి యున్నదనియే తెలియకపోవచ్చును. వేతనమునకు దరఖాస్తు చేయు విధము తాళమువెనుక నున్నచో, ఎవనికై మన మా నిధిని కూర్చితిమో వానికే తలుపు మూసినవార మగుదుము. మన పెద్దలు మూసిన తలుపుల వెలుపల నిలువబడి యెంత పరితపించిరో ఈ సంచికయందే ఇతర వ్యాసములు చెప్పుచున్నవి. వారి సంతతివారమైన మనము తాళము వేయునప్పుడు రెండుసార్లు యోచింపవలెను. మనుష్యుల గుట్టును కాపాడుటకు తాళము వలయును; విద్యకు వలదు. మహాసభవారు ఈ భేదమును పాటించి తీర్మానింతురు గాక యని ప్రార్థించుచున్నాడను.