జమ్మిచెట్టు మీద దాచిన రాత్రి

కీచకుడు అరగంటలో చచ్చేవాడు.

పట్నం హాళ్లలో అంతకు మించి వ్యవధి ఇవ్వరు. వినాయకుడి బొమ్మ తెర మీదికొచ్చి పోతుంది. మాలిని కల్లు తేవడానికి కీచకుడి ఇంటికి వెళ్తుంది. వాడు చెయ్యి పట్టుకుంటాడు, ఆమె విదిలించుకుంటుంది. నర్తనశాలలో భీముడు కాచుకుని ఉంటాడు. ఇక చెక్కల మీద తొక్కుడు, మద్దెల మోత, ఒక కేక. లైట్లు వెలుగుతాయి. చప్పట్లు, శాలువా. బొమ్మలు నాలుగే గనక చుట్ట చుట్టి సంచిలో పెట్టుకుని రాత్రి బస్సుకే ధర్మవరం చేరుకోవచ్చు.

ఆ ఏడు ఆషాఢం దాటినా చినుకు లేదు. పక్క ఊరి పెద్దమనుషులు నలుగురు నిమ్మలకుంటకు వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"విరాటపర్వం ఆడించాల సామీ. తెల్లారేదాకా."

మనవడు వెంటనే ఒప్పేసుకున్నాడు. తాత నోరు విప్పలేదు.

ఇక్కడ చెప్పేది ఏ ఒక్క ఇంటి కథా కాదు. నిమ్మలకుంట ఊరు నిజం, తోలుబొమ్మలాట నిజం, ఆ పని చేసే తీరు నిజం. వాటిని పట్టుకుని ఒక కుటుంబాన్నీ ఒక రాత్రినీ అల్లాను. అందుకే పేర్లు లేవు. తాత, జేజి, మనవడు, అంతే.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వాన పడుతుంది. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యపు మేఘం తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి డస్సిపోతుంది. వేరుశనగ విత్తడానికి ఒక్క పదును కోసం రైతు వారాల తరబడి ఆకాశం వైపు చూస్తాడు. విరాటపర్వం చదివినా ఆడినా వాన పడుతుందన్నది తెలుగునాట పాత నమ్మకం. ఆ నమ్మకమే ఆ నలుగురినీ ఈ అరుగు దాకా తెచ్చింది.

ధర్మవరం మండలంలోని ఈ ఊరు 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఇక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు నిమ్మలకుంట పేరు దేశమంతా వినపడింది. బొమ్మలాడించే ఈ కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస. తెర వెనక కూర్చున్నాక మాత్రం నోట వచ్చేది తెలుగే. రాత్రి ఆటలు తగ్గాక వీళ్ల బతుకు దీపపు తొడుగుల మీదికి మళ్లింది. అదే మేకతోలు, అదే ఉలి, అవే రంగులు. కాకపోతే బొమ్మకు బదులు లాంతరు. దానివల్ల చేతిపని నిలబడింది, దానికి దండం పెట్టాలి. గొంతు పని మాత్రం జారిపోయింది. మన మనవడికి తోలు మీద నెమలిని చెక్కడం కళ్లు మూసుకున్నా వచ్చు. తెల్లవార్లూ పాడటం రాదు.

వాడు ఆ రాత్రే కాగితం తీసి లెక్క రాశాడు. అరగంట ఆటను ఏడు గంటలు చెయ్యాలి. ముందు జూదం పెడదాం, తర్వాత వస్త్రాపహరణం, అరణ్యవాసం, యక్షప్రశ్నలు. చివర రాయబారం తగిలిస్తే కోడి కూసేస్తుంది.

తాత ఆ కాగితం చూసి పక్కన పెట్టాడు.

"కత చాలక గాదురా అబ్బీ, నీ ఆట అరగంటకు అయిపోయేది."

"మరేంటికి తాతా?"

"వాడు చెయ్యి పట్టుకున్యాడు గదా, మాలిని ఏంటికి అరవలేదు? అయిదుగురు మొగుళ్లు అదే ఊర్లో ఉండారు గదా. ఆ సంగతి నువ్వు యాడ చెప్పినావు?"

మనవడి దగ్గర జవాబు లేదు. ఆ జవాబే అసలు ఆట. అరిస్తే అజ్ఞాతవాసం బయటపడుతుంది. బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. ఒక్క ఏడాది నోరు నొక్కుకుని బతకాలి. ధర్మరాజు కంకుభట్టై పాచికలాడాలి, భీముడు వలలుడై వంట చెయ్యాలి, అర్జునుడు బృహన్నలై ఆట నేర్పాలి, రాణివాసంలో ద్రౌపది మాలినియై ఇంకొకరి జడ వెయ్యాలి. విరాటపర్వం యుద్ధం కథ కాదు, కాచుకోవడం కథ. వాన కోసం కాచుకునే జనానికి ఇదే ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు అక్కడే తెలిసింది. కాచుకోవడాన్ని అరగంటలో చూపించడం ఎవరి తరమూ కాదు.

మర్నాటి నుంచి సాధన. జేజి ముందు కూర్చుంది. ఆడ గొంతులన్నీ ఆమెవే. కీచకుడి చేత అవమానపడ్డ రాత్రి మాలిని వంటశాలకు వెళ్లి భీముణ్ని లేపే ఘట్టం తీసుకున్నారు. మనవడి ఆటలో ఆ నడక తెర ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగు అంగల్లో అయిపోతుంది. జేజి చేతిలో ఆ బొమ్మ మూడు అడుగులేసి ఆగింది. వెనక్కి తిరిగింది. మళ్లీ ఒక అడుగు. ఎక్కడో కుక్క మొరిగినట్టు తాత చప్పుడు చేశాడు. బొమ్మ తెర నుంచి కాస్త వెనక్కి జరిగింది, అంచులు మసకబారి నీడ పెద్దదైంది. అప్పుడు పాట ఎత్తుకుంది. ఒక పాదం పాడటం, దానికి అర్థం మాటల్లో చెప్పడం, వంత వాళ్లు "అవునా తల్లీ" అనడం, ఆ మాటకు ఆమె ఇంకో మాట అందుకోవడం. వంటశాల తలుపు తట్టేసరికి పావుగంట అయింది. మనవడు గడియారం చూడటం మర్చిపోయాడు.

ఇంకో ఘట్టం నేను మర్చిపోలేనిది, సభ. ఆ క్షణాన మాట్లాడని, కదలని బొమ్మల్ని ఈతముళ్లతో తెరకు గుచ్చేస్తారు. ఆడించేవాళ్ల చేతులు కదిలే బొమ్మలకు కావాలి గనక ఇది అవసరం కొద్దీ పుట్టిన పద్ధతి. విరాటుణ్ని గుచ్చారు. కంకుభట్టు వేషంలోని ధర్మరాజును గుచ్చారు. కీచకుడు వెంటబడి వచ్చి నిండు సభలో మాలినిని తన్నాడు. ఆమె ఒక్కొక్కరి ముందూ నిలబడి అడుగుతోంది. ఆమె కదులుతోంది, వాళ్లు కదలరు. ముల్లు గుచ్చిన ధర్మరాజు కదలలేడు కూడా. భీముడు పక్కనున్న చెట్టు వైపు చూశాడు, పెరికి కొట్టేవాడే. ధర్మరాజు గుట్టు బయటపడకుండా హెచ్చరించాడు: వంటవాడా, కట్టెలు కావాలంటే బయట కొట్టుకో, నీడనిచ్చే ఈ చెట్టు జోలికి రాకు. భారతంలో ఉన్న మాటే ఇది. చెట్టు నీడ విలువ తెలిసిన నేల మీద ఇది ఇంకోలా వినపడుతుంది.

ఇంత బరువును జనం ఏకధాటిగా మొయ్యలేరు. అందుకే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. వాళ్లు కథలో లేరు, ఆటలో ఉన్నారు. వెనక సభ విప్పి వంటశాల సర్దాలన్నా, ముందు వరుసలో పిల్లలు నిద్రపోతున్నా, చదివింపులు ఇచ్చినవాళ్ల పేర్లు చెప్పాలన్నా కేతిగాడు దూకుతాడు. ఊళ్లో బోరు ఎండిన సంగతి, వడ్డీకి తెచ్చిన విత్తనాల సంగతి వాడి నోటనే వస్తాయి. తోలుబొమ్మలాట మీద పరిశోధన చేసిన అమెరికన్ జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1989 నాటి వ్యాసంలో ఈ హాస్యగాళ్లనే ఆటకు పగ్గాలు పట్టినవాళ్లుగా చూశాడు. తాత ఆ వ్యాసం చదవలేదు. మనవడికి మాత్రం మొదట చెప్పిన మాట అదే: "రాత్రి నీ చేతిలో ఉండదురా, కేతిగాని చేతిలో ఉంటాది."

నాలుగు బొమ్మలు చాలవు. విరాటుడు, సుదేష్ణ, ఉత్తరకుమారుడు, రథం, కౌరవులు, ఆవులు కావాలి. అర్జునుడే ఇద్దరు కావాలి, చీరకట్టిన బృహన్నల ఒకటి, గాండీవం పట్టింది ఇంకొకటి. వేషం మారితే బొమ్మే మారుతుంది. తోళ్లు నానబెట్టి, వెంట్రుక గీకి, బిగలాగి ఎండలో ఆరబెట్టారు. వెలుతురు అవతలికి దిగేంత పల్చనయ్యాక గీత, ఆపైన ఉలి, ఆపైన రంగు. తల, మొండెం, చేతులు, కాళ్లు వేరువేరుగా కోసి కీళ్ల దగ్గర దారంతో ముడేశారు.

కొత్త మాలినిని మనవడు మూడు రోజులు చెక్కాడు. మెడ నిండా, నడుం నిండా, చేతుల నిండా సన్నటి చిల్లులు. వెనక బల్బు పెడితే నగలన్నీ రవ్వల్లా మెరిశాయి. వాడికి గర్వంగా ఉంది. తాత చాలాసేపు చూశాడు.

"బాగుందిరా. కానీ ఇది దీపం తొడుగు. ఈయమ్మ సొమ్ములన్నీ తీసేసి దాసిగా వచ్చింది. అన్ని రవ్వలు ఎట్ల మెరుస్తాయి?"

వాడు ఇంకో తోలు నానబెట్టాడు. ఈసారి మాలినికి చిల్లులు తక్కువ. రంగు ఉంది, వెలుగు లేదు. మొత్తం బొమ్మల్లో చీకటిగా కనపడేది ఆమె ఒక్కతే.

ఈ పొట్టి, పొడుగుల తగువు మనదొక్కటే కాదు. కేరళ తోలుబొమ్మలాట తోల్పావకూత్తు భద్రకాళి గుళ్ల ముందు రాత్రుల తరబడి సాగుతుంది. జావాలో నీడబొమ్మల వాయాంగ్ రాత్రంతా తెల్లారేదాకా బొమ్మలాడించే ఒకే దాలాంగ్ గొంతు మీద నడుస్తుంది. 1970లలో సురకర్తలోని కళా విద్యాలయం దాన్ని గంటా రెండు గంటలకు చిక్కబరిచి కొత్త రూపం కట్టింది.    పొట్టి ఆటను నేను తక్కువ చెయ్యను, ఈ ఇళ్లలో పొయ్యి వెలిగించింది అది కూడా. కానీ పొడుగుది తెలిసినవాడు కుదిస్తే అది చిక్కనవుతుంది. పొట్టిది మాత్రమే తెలిసిన మనవడు పొడుగుకు పోవాలంటే ముందు తాత దగ్గర కూర్చోక తప్పలేదు.

ఆట రాత్రి రామాలయం ముందు గుంజలు పాతి తెల్లగుడ్డ బిగించారు. రెండు గుడ్డలు కలిసే చోట ఈతముళ్లు కుట్టుపని చేశాయి. హార్మోనియం, మద్దెల, తాళాలు, కాళ్ల కింద చెక్కలు. జనం కంబళ్లతో, పిల్లలతో వచ్చారు. సగం మందికి కథ తెలుసు, అయినా మాలిని తలుపు తట్టేదాకా ఎవరూ లేవలేదు.

నర్తనశాల ఘట్టం రాత్రి ఒంటిగంట తర్వాత వచ్చింది. కీచకుడితో కొట్లాట పట్నంలో ఎంతసేపు సాగేదో ఇక్కడా అంతే, పది నిమిషాలు. ఒక్క దెబ్బ కూడా మనవడు పెంచలేదు. కానీ చెక్కలు తొక్కడం మొదలవగానే వెనక వరుసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు, కీచకుడు చచ్చేదాకా కూర్చోలేదు.

ఆ తర్వాత కీచకుడు లేడని తెలిసి కౌరవులు ఆవుల మందల మీద పడ్డారు. ఉత్తరకుమారుడు రాణివాసంలో ప్రగల్భాలు పలికి, సైన్యాన్ని చూసి రథం దూకి పారిపోతుంటే కేతిగాడు వాడి వెంటపడ్డాడు. నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి నవ్వారు. బృహన్నల అతణ్ని పట్టుకుని జమ్మిచెట్టు దగ్గరికి తెచ్చాడు. ఏడాది క్రితం ఆయుధాలు మూటగట్టి దాచిన చెట్టు. ఈ పొలాల్లోనూ జమ్మి ఉంది గనక ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. మూట దిగింది. చీరకట్టిన బొమ్మ పక్కకు తప్పుకుంది, గాండీవం పట్టిన బొమ్మ తెరకు తగిలింది. అంతసేపూ వంత పాడుతున్న తాత పాట ఆపేసి మనవడి వైపు చూశాడు. వాడు ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది, మొదటి పాదంలో పట్టు తప్పింది, రెండోదానికి జేజి అందించింది. మూడో పాదం వాడే లాక్కుపోయాడు.

ఆవులు తిరిగొచ్చాయి. ఒకే తోలు మీద చెక్కిన అయిదు ఆవులు తెర ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేసరికి తూర్పున తెల్లబడింది. పగటి వెలుతురు తెర మీద పడేకొద్దీ నీడలు పలచబడ్డాయి. మంగళం పాడి బల్బు తీసేశారు.

జనం కంబళ్లు దులుపుకుని లేచారు. అలవాటుగా ఒకసారి ఆకాశం వైపు చూసి పశువుల దగ్గరికి వెళ్లిపోయారు. మనవడు తెర దగ్గర నిలబడి ముళ్లు ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేస్తున్నాడు. చివర సభలో వాడిన ధర్మరాజు మిగిలాడు, హడావిడిలో తెర మూలకు గుచ్చి మర్చిపోయింది. వాడు ఆ ముల్లు కూడా తీసి, బొమ్మను మాలిని పక్కన పడుకోబెట్టి పెట్టె మూశాడు.