కొండపల్లి చరిత్రలో ‘ఒడిదుడుకులు’: ‘విసిసిట్యూడ్స్’ పద ప్రయోగ పరిశీలన

1. ఉపోద్ఘాతం

ప్రాంతీయ చరిత్రపై వెలువడే పరిశోధన వ్యాసాల ఆంగ్ల సంగ్రహాల్లో ‘విసిసిట్యూడ్స్’ అనే మాట, తెలుగు పాఠంలో దానికి సాటిగా ‘ఒడిదుడుకులు’ అనే మాట తరచుగా కనిపిస్తాయి. దండయాత్ర, క్షీణత, కరవు, పేదరికం అన్నింటికీ ఈ ఒక్క మాటనే వాడినప్పుడు కారణం చెప్పవలసిన చోట వర్ణన మాత్రమే మిగులుతుంది. ఈ పదం ఎక్కడ సార్థకమో, ఎక్కడ చరిత్రను మరుగుపరుస్తుందో కొండపల్లి ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదార్థ విచారణ

ఈ మాటకు మూలం ‘విసిస్’ అనే లాటిన్ పదం. దానికి వంతు, మార్పు అని అర్థం. రాత్రింబవళ్లు, ఋతువులు వంతులవారీగా రావడాన్ని కూడా ఆంగ్లంలో ఈ పదంతో చెప్పారు. నేడు స్థితిగతుల్లో ముందుగా ఊహించరాని మార్పులు అనే అర్థంలో, ఎక్కువగా బహువచనంలో వాడుతున్నారు. కాబట్టి ఇందులో మూడు లక్షణాలున్నాయి: మార్పు పలుమార్లు జరగడం, మేలు కీడులు రెండూ ఉండడం, అనుభవించేవారి అంచనాకు అందకపోవడం. ‘కష్టాలు’ దీనికి పర్యాయపదం కాదు. ‘ఒడిదుడుకులు’ మొదటి రెండింటినీ చక్కగా పలికిస్తుంది. మూడోదాన్ని వాక్యమే స్పష్టం చేయాలి.

3. చేతులు మారిన కోట

14వ శతాబ్దిలో రెడ్డిరాజుల ఏలుబడిలో ఉన్న కొండపల్లి దుర్గం 15వ శతాబ్దిలో గజపతుల వశమైంది. కపిలేశ్వర గజపతి మరణానంతరం తలెత్తిన వారసత్వ పోరులో బహమనీలకు చిక్కి, మళ్లీ గజపతులకు దక్కింది. 1515లో కొండవీడు గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు తర్వాత కొండపల్లినీ పట్టుకున్నాడు. అయితే సంధిలో కృష్ణకు ఉత్తరాన ఉన్న భూభాగాన్ని ప్రతాపరుద్ర గజపతికి తిరిగి ఇచ్చాడు. తర్వాత కుతుబ్‌షాహీలు, 1687లో గోల్కొండ పతనంతో మొగలులు, 1766లో ఆంగ్లేయులు వచ్చారు.

ఈ క్రమాన్ని ‘విసిసిట్యూడ్స్’ అనవచ్చునా? పాలకుల వైపునుంచి చూస్తే ఇందులో ఊహించరానిది తక్కువ. కృష్ణా డెల్టా మీద, గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సాగే రాకపోకల మీద పట్టు కోరినవారికి ఈ కొండకోట అవసరం. వారసత్వ కలహం, ముట్టడి, సంధి అనే కారణాలను పేరుపెట్టి చెప్పగలం. కాని కోట కింది గ్రామాల రైతుకు ఏ ఏడు ఎవరికి శిస్తు కట్టాలో తెలియదు. యుద్ధంలో పోయిన కోట సంధిలో తిరిగి రావడం అతని అంచనాకు అందేది కాదు. ఆ రైతు అనుభవాన్ని చెప్పేటప్పుడే ఈ పదం కచ్చితమైనది.

4. క్షీణత వేరు, ఒడిదుడుకులు వేరు

ఆంగ్లేయులు 1859లో ఇక్కడి సైనిక స్థావరాన్ని ఎత్తివేశాక కోట శిథిలమవుతూ వచ్చింది. అది ఒకే దిశలో సాగిన క్షీణత. అక్కడ ‘వంతు’ లేదు కనుక ఈ పదం పొసగదు.

కొండపల్లి బొమ్మల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈ బొమ్మలకు ఆధారం చుట్టుపక్కల అడవుల్లో దొరికే తేలికైన తెల్లపొణికి కర్ర. నరికినంత వేగంగా చెట్లు పెరగకపోతే కర్ర కొరత తప్పదు. ఇది ముందే తెలియగల పరిణామం. దీన్ని ‘ఒడిదుడుకులు’ అంటే అడవి నిర్వహణలోని బాధ్యత కాలం మీదికి జారిపోతుంది. అయితే పండుగలకు పెరిగి తర్వాత తగ్గే గిరాకీ మాటేమిటి? అది వంతులవారీగా వచ్చేదే అయినా ఏటా తెలిసినదే. కోవిడ్ కాలంలో సందర్శకులు హఠాత్తుగా ఆగిపోయి, ఆంక్షలు సడలాక తిరిగి రావడం వంటి మార్పులకే ఈ మాట తగినది.

5. ముగింపు

ఈ పదం రాసే ముందు పరిశోధకుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: మార్పు ఇటూ అటూ జరిగిందా? ఎవరికి ఊహించరానిది? కారణం తెలిసీ చెప్పకుండా వదిలేస్తున్నామా? మూడో ప్రశ్నకు జవాబు ‘అవును’ అయితే పదాన్ని తొలగించి కారణాన్నే రాయాలి. కొండపల్లి చరిత్ర కోరేది ఈ పాటి నిర్దిష్టతనే.