ఆర్డరు రాసే చేతికి అందిన గ్రాఫు

1974 మే నెలలో టోక్యోలోని తొయోసులో ఓ చిన్న మద్యం దుకాణం బోర్డు మార్చుకుని జపాన్‌లో తొలి సెవెన్-ఎలెవెన్ ఫ్రాంచైజీగా తెరుచుకుంది. పేరు అమెరికాలోని సౌత్‌ల్యాండ్ కంపెనీది. జపాన్‌లో హక్కులు తెచ్చుకున్నది ఇతో-యొకాదో అనే జపాన్ రిటైల్ సంస్థ. వద్దన్నవాళ్లను ఒప్పించి ముందుకు నడిపినవాడు ఆ సంస్థ అధికారి తొషిఫుమి సుజుకి. పేరైతే వచ్చింది గానీ, ఇరుకు కొట్టులో ఏ సరుకు ఎంత పెట్టాలో ఆ ఒప్పందం చెప్పలేదు. టోకు వర్తకులు పెట్టెల లెక్కన దించేవారు. గిరాకీ ఉన్నది ఇట్టే అయిపోయేది, లేనిది మూలన పేరుకునేది.

ఒక్క కొట్టయితే యజమాని జ్ఞాపకమే లెక్క. మన కిరాణా కొట్టు శెట్టిగారికి ఏ ఇంటివాళ్లు ఏ పప్పు కొంటారో కంఠతా వచ్చినట్టే. కానీ 1980 నాటికి అక్కడ దుకాణాలు వెయ్యికి చేరాయి. అంతమంది జ్ఞాపకాన్ని ఒకచోట పెట్టేదెలా?

1982లో, బిల్లు వేసేటప్పుడే అమ్మకాన్ని నమోదు చేసే పాయింట్ ఆఫ్ సేల్ యంత్రాలు తెచ్చారు. అమెరికాలో వాటిని ఎక్కువగా బిల్లు తప్పులు, గల్లా దగ్గర చేతివాటం అరికట్టడానికి వాడేవారు. సుజుకి బృందం వాటిని ఏ వస్తువు ఏ వేళకు పోతోందో పట్టుకోవడానికి వాడింది. కౌంటరులోని మనిషి కొన్నవారి వయసు సుమారుగా ఎంతో, ఆడో మగో కూడా మీట నొక్కి నమోదు చేసేవాడు.

అంకెలు కుప్పపడ్డాయి. వాటిని చదివేదెవరు? ఆర్డరు పెట్టే పనిలో పార్ట్‌టైమ్ విద్యార్థులు, గృహిణులు కూడా ఉండేవారు. 1985లో దుకాణాల్లోనే గ్రాఫులు చూపే కంప్యూటర్లు పెట్టారు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే.

ఒక అన్నం పొట్లం సంగతి అనుకుందాం. పది తెప్పించారు, పదీ పోయాయి. అంకె చూస్తే భేష్ అనిపిస్తుంది. గంటల వారీ గీత వేసి చూడండి: పదకొండింటికే గీత నేలకు దిగిపోయింది. భోజనాల వేళ ఇంకా రానేలేదు. మధ్యాహ్నం వచ్చినవాళ్లంతా ఉత్త చేతులతో వెళ్లారన్నమాట. అమ్ముడైన సరుకు లెక్క ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. దొరక్క వెళ్లిపోయిన కొనుగోలుదారు ఆ గీతలో తప్ప ఇంకెక్కడా కనిపించడు.

అక్కడి నుంచి పని తీరే మారింది. రేపు ఎండా, వానా, పక్క బళ్లో ఆటల పోటీలా అని ఆలోచించి ఎంత పోతుందో ఊహించాలి, ఆర్డరు పెట్టాలి, మర్నాడు అమ్మకాలతో సరిచూసుకోవాలి. దీన్నే వాళ్లు 'తాన్‌పిన్ కాన్రి' అంటారు, ఒక్కో వస్తువునూ విడిగా చూసుకోవడం. 1990ల మొదట్లో గ్రాఫులు చూపే ఆర్డరు యంత్రం చేతిలోకే వచ్చింది. అలమర ముందు నిలబడి ఖాళీని, గీతను ఒకేసారి చూడొచ్చు. ప్రధాన కార్యాలయం సలహాదారుల్ని పంపేది. ఆర్డరు మాత్రం కొట్టువాళ్లదే.

చివరికి 1991లో, తమకు పేరిచ్చి, దివాలా రక్షణ కోరిన సౌత్‌ల్యాండ్‌లోనే సుమారు 70 శాతం వాటాను ఇతో-యొకాదో, సెవెన్-ఎలెవెన్ జపాన్ కలిసి కొన్నాయి.

అయితే మిగిలిపోయిన పొట్లాల నష్టం ఎవరిదన్న తగవును గ్రాఫు తీర్చలేదు. ఆ భారంలో పెద్ద పాలు ఫ్రాంచైజీ యజమానిదే అయ్యేది. గడువు దగ్గరపడ్డ సరుకును ధర తగ్గించి అమ్మనివ్వకుండా యజమానులను అడ్డుకోవడం మానాలని 2009లో జపాన్ ఫెయిర్ ట్రేడ్ కమిషన్ సెవెన్-ఎలెవెన్ జపాన్‌ను ఆదేశించింది. ఆ ఆదేశం న్యాయమైనది.