సౌర ఫలకాన్ని మోసే చట్రం

సౌర ఫలకం అనగానే మనకు నీలిరంగు సిలికాన్ బిళ్ళలే గుర్తుకొస్తాయి. వాటిని పట్టి నిలబెట్టే చట్రాన్ని ఎవరూ పట్టించుకోరు. నిజానికి ఎండను పట్టే చట్రం చరిత్ర సౌర ఫలకం కన్నా పాతది. అందులో ఒక అధ్యాయం మన దేశంలోనే జరిగింది.

1876 చివర్లో బొంబాయిలోని కొలాబాలో విలియం ఆడమ్స్ అనే ఆంగ్లేయ ఉద్యోగి ఎండతో ఆవిరి పుట్టించే ప్రయత్నం మొదలుపెట్టాడు. చిన్న చిన్న బల్లపరుపు అద్దాలను ఒక పెద్ద చట్రానికి బిగించి, వాటి వెలుగంతా ఒక బాయిలరు మీద పడేలా అమర్చాడు. బాయిలరు కదలదు. చట్రమే దాని చుట్టూ అర్ధవృత్తాకారపు బాట మీద దొర్లుతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు ఒక కూలీ దాన్ని జరిపితే చాలు. ఆ వేడితో రెండున్నర అశ్వశక్తి గల ఆవిరి యంత్రం నడిచింది. ఈ ప్రయోగాలను ఆయన 1878లో పుస్తకంగా ప్రచురించాడు.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల సిలికాన్ సౌరఘటాన్ని ప్రదర్శించింది. మరుసటి ఏడాదే జార్జియా రాష్ట్రంలో ఒక టెలిఫోన్ స్తంభం మీద ఫలకాన్ని బిగించి పరీక్షించారు. ఇక బాయిలరుతో పని లేదు. అయినా చట్రం అవసరం తీరలేదు. ఎందుకని?

ఎండ నిటారుగా పడినప్పుడే ఫలకం పూర్తిగా పనిచేస్తుంది. కిరణాలు 60 డిగ్రీలు పక్కకు వాలితే, నేరుగా అందే వెలుగు సగానికి పడిపోతుంది. అందుకే మన దేశంలో ఫలకాన్ని దక్షిణానికి తిప్పి, సుమారుగా ఆ ఊరి అక్షాంశమంత కోణంలో వాలుస్తారు. హైదరాబాదుకు అది 17 డిగ్రీలు, ఢిల్లీకి 29 డిగ్రీలు. చలికాలంలో వాలు పెంచాలి, వేసవిలో తగ్గించాలి.

రెండో సమస్య గాలి. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఎదురుగా వీస్తే, ఒక చదరపు మీటరు ఫలకం మీద దాదాపు ఏడున్నర కిలోల బరువంత తోపు పడుతుంది. గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. స్తంభానికి బిగించినది తట్టుకుంటుంది. కానీ మోసుకెళ్ళే చట్రం తేలికగానూ ఉండాలి, పడిపోకుండానూ ఉండాలి. అందుకే దాని ఎత్తు తగ్గించి, కాళ్ళు ఎడంగా పెట్టి, వాటి మీద ఇసుక బస్తాలు వేస్తారు.

మూడోది మడత. మోసేటప్పుడు మడవాలి, చేరాక విప్పాలి. 1981 జూన్ 19న ప్రయోగించిన మన ఆపిల్ ఉపగ్రహానికి రెండు ఫలకాలుండగా, ఒకటి విచ్చుకోనే లేదు. మిగిలిన విద్యుత్తుతోనే మన శాస్త్రజ్ఞులు దాన్ని రెండేళ్ళకు పైగా పనిచేయించారు.

నేల మీద ఆ చిక్కు తక్కువ. కాళ్ళకు కీళ్ళు, వాలు మార్చడానికి వరుసగా రంధ్రాలున్న ఒక ఇనుప పట్టీ ఉంటే చాలు. ఊరి వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు. ఇప్పుడు కొన్నిచోట్ల ఫలకాలను ట్రాలీ మీద బిగించి పొలానికి తీసుకెళ్ళి, మోటారు నడిపి, సాయంత్రానికి ఇంటికి తెచ్చుకుంటున్నారు. రెండు మూడు చోట్ల చిన్న చిన్న కమతాలున్న రైతు చేనుకొక ఫలకాల వరుసను ఎక్కడ కొనగలడు? కదిలే చట్రముంటే ఒక్క వరుసే అన్ని చేలకూ నీళ్ళు పెడుతుంది, ఇరుగుపొరుగు వాళ్ళకూ అక్కరకొస్తుంది. చట్రం సరిగా లేకపోతే మాత్రం, అప్పు చేసి కొన్న ఫలకం ఒక్క ఈదురుగాలికే పగిలిపోవచ్చు.